సూది కోసం విప్పిన దిండు

దిండు మూతి కుట్టేముందు రెండు అరచేతులతో నాలుగు మూలలా అదిమి చూడటం ఆమె అలవాటు. అదిమాక చెంప ఆనించి కూడా చూసేది. దూదిలో సూది ఏమైనా పడి ఉంటే? రేపు దాని మీద ఏ పసిబిడ్డను పడుకోబెడతారో, కంట్లో దిగితే? ఆ దిండ్ల దుకాణంలో ఇన్ని భయాలతో కుట్టే మనిషి ఇంకొకరు లేరు. గాభరమ్మ అని పేరు పెట్టింది ఎవరో గానీ, కొలతలు తీసి కుట్టినట్టు అతికింది.

వెనక గదిలో దూది ఏకే మిషను తిరుగుతుంటే దూగర దుమ్ములా లేచి అద్దాల మీదా, కనుబొమల మీదా, టీ గ్లాసుల మీదా వాలేది. ముందు గదిలో మిషనామె గలేబులకు మూడు వైపులా కుట్టు వేసి పక్కకు తోసేది. గాభరమ్మ వాటిలోకి దూది కూరి, నాలుగో వైపు చేత్తో కుట్టేది. ఇద్దరూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చునేవారు. వరస ఏమీ లేకపోయినా ఒకరినొకరు వదినా అనుకునేవారు.

శుక్రవారం నాడు మిషనామె చాలా రోజుల తర్వాత పనిలోకి వచ్చింది. వచ్చి, మిషను మీద గుడ్డ తీసి, మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

"పిల్లాడెలా ఉన్నాడు వదినా?" అంది గాభరమ్మ.

"ఉన్నాడు. ఆస్పత్రిలో మంచానికి కట్టేశారు."

"అయ్యో, కట్టేయడమేంటి?"

"గోడకేసి తల కొట్టుకుంటుంటే ఏం చేస్తారు మరి? నన్ను చూసి, ఒక్కసారమ్మా, ఒక్కటంటే ఒక్కటి తెచ్చిపెట్టు అంటాడు. నా కాళ్ళు పట్టుకోవాలని చూస్తాడు. కట్టేసి ఉన్నాయిగా, చేతులు రావు." మిషనామె దారం కొస నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించబోయింది. తప్పింది. మళ్ళీ ఎక్కించబోయింది. "ఆ మత్తుమందు మొదటిసారి ఊరికే ఇచ్చార్ట వదినా. రెండోసారీ ఊరికేనట. మూడోసారి నుంచి మా ఇంట్లో గిన్నెలు మాయం."

గాభరమ్మకు చేతిలో పని ఆగిపోయింది. ఆ పిల్లాడు ఈ బల్ల కిందే దూదిలో పొర్లి పెరిగినవాడు. ఆమెకు వెంటనే తన కూతురు గుర్తొచ్చింది. నర్సు చదువు చదువుతూ హాస్టల్లో ఉంది. హాస్టలంటే నలుగురూ ఉండే చోటు. ఎవరైనా మంచినీళ్ళలో కలిపి ఇస్తే? ఆడపిల్లలు కూడా తీసుకుంటున్నారని ఎవరో అనగా విన్నది.

బయట వ్యాను హారను మోగింది. గాభరమ్మ తమ్ముడు లోపలికొచ్చాడు. దుకాణం సరుకంతా చుట్టుపక్కల ఊళ్ళకు చేరవేసేది అతనే.

"ఏంటి గాభరమ్మగారూ, ఇవాళ భూకంపం ఎన్నింటికి?"

దూది ఏకేవాళ్ళు పకపకా నవ్వారు. ఆమె కూడా నవ్వేసింది. వాడు నవ్విస్తే నవ్వకుండా ఉండటం ఆమె వల్ల ఎప్పుడూ కాలేదు.

మిషనామె నవ్వలేదు. "బాబూ, నువ్వు నాలుగూళ్ళు తిరిగేవాడివి. ఈ మత్తుమందు అమ్మేవాళ్ళెవరో నీ చెవిన పడదా? అలాంటివాణ్ణి జైల్లో వేసి తాళంచెవి నూతిలో పారేయాలి."

"పారేస్తే ఏమవుతుంది మిషనక్కా? వాడు పోతే ఇంకోడొస్తాడు. కొనేవాడున్నన్నాళ్ళూ అమ్మేవాడుంటాడు." అతను దిండ్ల కట్ట భుజానికెత్తుకుంటూ అన్నాడు. "బ్రాందీ కొట్టువాడు బోర్డు పెట్టుకుని, లైట్లేసుకుని అమ్ముతాడు. వాణ్ణేమో సార్ అంటారు. వీడికి మాత్రం జైలు. ఎవడి నోట్లోనూ ఎవడూ కుక్కట్లేదు కదా."

"మొదటిసారి మావాడే తీసుకున్నాడు. ఒప్పుకుంటా." మిషనామె తలెత్తింది. "పదోసారి తీసుకున్నది మావాడు కాదు బాబూ. ఆ చెయ్యి మావాడిది కాదు. అలా అవుతుందని అమ్మినవాడికి ముందే తెలుసు. తెలిసే, మొదట ఊరికే ఇచ్చాడు. దాన్ని నువ్వు బేరం అంటావా?"

తమ్ముడు కట్ట ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "కోపగించుకోకక్కా. ఏదో నోరు జారింది. ఆదివారం నేనే పళ్ళు పట్టుకెళ్ళి వాణ్ణి చూసొస్తాలే."

అతని వెనకే వ్యాను దాకా వెళ్ళి గాభరమ్మ మెల్లిగా తిట్టింది. "ఏ మాట ఎక్కడ అనాలో ఎప్పుడు తెలుస్తుందిరా నీకు? తల్లి కడుపు మండుతుంటే!" అంతలోనే గొంతు తగ్గించి, "అది సరేగానీ, హాస్టలు వైపు వెళ్తుంటావు కదా, మన పిల్ల మీద కాస్త కన్నేసి ఉంచరా. నాకు నిద్ర పట్టట్లేదు" అంది.

"నేనుండగా నీకెందుకే భయం?" అని అతను వ్యాను తలుపు వేశాడు.

శనివారం సాయంత్రం కూతురు ఇంటికొచ్చింది. మేనమామ దానికి పెట్టిన పేరు పిచిక. పిచికలాగే వచ్చీ రాగానే డబ్బాలన్నీ మూతలు తీసి చూసింది. ఆ వెనకే తమ్ముడూ వచ్చాడు, చంకలో దిండుతో.

"అక్కా, దీని మూతి కుట్టిపెట్టు. గట్టిగా ఉండాలన్నాడు గిరాకీ. దూది నేనే కూరాను. నీ కుట్టయితే ఊడదు."

"హాస్టలుకేనా మామయ్యా?" అంది పిచిక. "నన్ను హాస్టల్లో దిండ్లమ్మాయి అంటున్నారు తెలుసా? ఇంజెక్షన్ నేర్చుకోవే అంటే దిండ్లు మోస్తోంది అని."

"క్యాంటీనులో నా ఫ్రెండు ఉన్నాడుగా, ఎప్పట్లాగే వాడి చేతికివ్వు. ఎవరికి కావాలో వాడే చూసుకుంటాడు."

గాభరమ్మ పొడుగు సూదికి దారం ఎక్కించింది. దిండును ఒళ్ళోకి లాక్కుని, అదిమి చూడబోయింది. తమ్ముడు చటుక్కున ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

"అబ్బా, దాన్నిప్పుడు పిండుతావెందుకే? నేను చూశాగా."

ఆమె చేతులు వెనక్కు తీసుకుంది. తమ్ముడు చూశానన్నాక ఇంక చూసేదేముంది? తల్లి పోయాక తన పక్కలో పడుకోబెట్టుకుని పెంచినవాడు. ప్రపంచంలో ఆమెకు భయం లేని మనిషంటూ ఉంటే వాడొక్కడే. కుట్టు మీద కుట్టు పడుతుంటే అతను మేనకోడలిని ఏడిపిస్తూ, పేషెంటుకు సూది గుచ్చబోయి తనకే గుచ్చుకున్న నర్సు కథ చెబుతూ కూర్చున్నాడు. ఆమె చివరి ముడి వేసి, పళ్ళతో దారం తెంపి, దిండును పిచిక సంచి పక్కన ఆనించింది.

ఆదివారం పొద్దున్నే సూదుల డబ్బా తీస్తే పొడుగు సూది లేదు.

చాప దులిపింది. దుప్పటి దులిపింది. కూతురి తలగడ తడిమింది. నేల మీద మోకాళ్ళపై పాకుతూ అరచేత్తో రాసి చూసింది.

"అమ్మా, సూదే కదా, ఎక్కడో దొరుకుతుంది" అంది పిచిక, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తూ. సాయంత్రం హాస్టలుకు వెళ్ళాలి కనుక తెల్లటి నర్సు డ్రెస్సు ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించి ఉంది.

"సూదే కదా అంటావేంటే? నిన్న ఆ దిండు కుడుతూ మీ మామయ్య కథల్లో పడి ఎక్కడ పెట్టానో. లోపల ఉండిపోతే? ఎవరో పిల్ల దాని మీద పడుకుంటుంది. చెవిలో దిగితే?"

"అమ్మా!" అని నవ్వుతూ పిచిక స్నానాల గది తలుపు వేసుకుంది.

గాభరమ్మ దిండును ఒళ్ళో పెట్టుకుని, కత్తెర మొనతో తన కుట్లు తనే ఒక్కొక్కటిగా తెంపింది. మూతి తెరుచుకోగానే సూది కనిపించింది. దారం తెంపాక అంచుకు గుచ్చి మరిచినది లోపలికి జారి, దూదిలో నిలువునా గుచ్చుకుని ఉంది. "హమ్మయ్య" అని గట్టిగానే అనుకుంది. సూదిని డబ్బాలో వేసి మూత పెట్టింది. దూది సర్ది, మళ్ళీ కుట్టేముందు, నిన్న చూడనిది ఇవాళైనా చూద్దామని రెండు అరచేతులతో అదిమింది.

నడిమధ్య గట్టిగా తగిలింది.

మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగింది. ఇటుక సగమంత ఉన్న పొట్లం వచ్చింది. నిగనిగలాడే టేపు, దాని కింద ప్లాస్టిక్కు, దాని కింద తెల్లటి పొడి. వెనకే ఇంకొకటి. అది ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. రెండు పొట్లాలూ నేల మీద పక్కపక్కన పెట్టింది.

ముందుగా వచ్చిన ఆలోచన, ఎవరో తమ్ముణ్ణి మోసం చేస్తున్నారని. ఆ క్యాంటీనువాడే అయి ఉంటాడు. లేదంటే దుకాణం యజమాని. అమాయకుడు, వ్యాను తోలుకునేవాడు, వాడికేం తెలుసు? పోలీసులు ముందు వాణ్ణే పట్టుకుంటారు, కొడతారు. ఆమె ఫోను అందుకుని, "ఉన్నపళంగా రారా" అంది. అతను వచ్చేలోపు పొట్లాలు విప్పి తూములో పోసేద్దామని లేచి, రెండడుగులు వేసి ఆగింది. ఇది పోస్తే ఇంకోటి వస్తుంది. అది ఇంకెవరి దిండులోనో వస్తుంది.

తమ్ముడు వచ్చాడు. గుమ్మంలో నిలబడి నేల మీద పరుచుకున్న దూది చూశాడు, పొట్లాలు చూశాడు. ఆమె ముఖం మాత్రం చూడలేదు. వెనక్కి తిరిగి తలుపు గడియ పెట్టాడు.

ఆ గడియ చప్పుడుకు ఆమెకు సంగతంతా తెలిసిపోయింది.

"నిన్నెవరు విప్పమన్నారు?" అన్నాడు.

"సూది పడిందేమోనని..." అని, తను సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు వినపడి, ఆగింది. "ఎన్నాళ్ళ నుంచిరా?"

"అది నీకెందుకు? ఇందులో నాదేం లేదక్కా. అక్కడ ఎక్కించుకుంటా, ఇక్కడ దించుతా. దిండయినా ఒకటే, ఇదయినా ఒకటే."

"మిషనామె కొడుక్కి ఇచ్చింది నువ్వేనా?"

"నేనెవడి చేతికీ ఇవ్వను. క్యాంటీను నుంచి ఎటు పోతుందో నాకు తెలీదు."

"తెలుసుకున్నావా?"

"తెలుసుకుని ఏం చేయను?"

"ఒక్క సూది కోసం నేను దిండంతా విప్పానురా." ఆమె గొంతు పెద్దది కాలేదు. "ఎవరో తెలీదు, ఎక్కడ పడుకుంటుందో తెలీదు, ఆ పిల్ల కోసం విప్పాను. నువ్వు మిషనామె కొడుకుని భుజాన వేసుకుని తిప్పావు. మామా మామా అంటూ నీ వెనకాలే తిరిగాడు వాడు. ఒక్కసారైనా ఇది ఎక్కడికి పోతుందా అని చూడబుద్ధి కాలేదా?"

అతను కూర్చుని పొట్లాలను దూదిలోకి తోయడం మొదలుపెట్టాడు. వేళ్ళు నేర్పుగా కదిలాయి. అంత నేర్పు ఎన్ని దిండ్లకు వస్తుందో దిండ్లు కూరేదానికి తెలుసు.

"పిల్ల చేత ఎందుకు మోయించావు?"

"నర్సు డ్రెస్సులో ఉన్న పిల్లనెవడు ఆపుతాడే? గేటు దగ్గర సెల్యూట్ కొట్టి పంపిస్తారు." తను అన్నదేమిటో అప్పుడు వినపడినట్టు అతను తలెత్తాడు. "దానికేం కాదు. కానివ్వను. ఇదే ఆఖరు, ఒట్టు. మూతి కుట్టెయ్."

"కుట్టకపోతే?"

"అక్కా." అతను ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చిన్నప్పుడు ఏదైనా కావాల్సినప్పుడు అలాగే కూర్చునేవాడు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. కుట్టు నీది. మోసింది పిచిక. నేను పోతే ఒక్కణ్ణే పోతానా? ముందు దాని చదువు పోతుంది. ఆలోచించుకో. సాయంత్రం నేనే వ్యాన్లో దింపుతా దాన్ని."

దూది, గలేబు, సూది అన్నీ వాడికి దుకాణంలో దొరికేవే అయినా కుట్టు మాత్రం ఆమె చేత ఎందుకు వేయించాడో ఇప్పటికి అర్థమైంది. కుట్టు ఊడదని కాదు. ఏనాడైనా ఆమె నోరు విప్పకుండా ఉండటానికి. ఒళ్ళో పెట్టుకుని పెంచిన ఏకు ఇలా మేకై కూర్చుంటుందని, ప్రపంచంలో ఉన్న భయాలన్నీ పడిన మనిషి, ఈ ఒక్కటీ భయపడలేదు.

ఆమె సూది తీసింది. అతని కళ్ళముందే మూతి కుట్టింది. అతను నిట్టూర్చి, ఆమె భుజం తట్టి వెళ్ళిపోయాడు.

స్నానాల గది తలుపు దగ్గర పిచిక నిలబడి ఉంది. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎంతసేపటి నుంచి ఉందో!

"ఇంతకుముందు నేనిచ్చినవి కూడానా అమ్మా?"

గాభరమ్మ తువ్వాలు తీసుకుని దాని తల తుడవసాగింది. చాలాసేపు తుడిచింది.

"మా వార్డులో ఉంటారమ్మా దీనికి అలవాటుపడ్డవాళ్ళు," అంది పిచిక తువ్వాలు లోపలినుంచి. "ఒకామె తన చెయ్యి తనే కొరుక్కుంది. నేనే కట్టు కట్టాను."

దిండును గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని, గాభరమ్మ ముందు మిషనామె ఇంటికి వెళ్ళింది. పోలీసుల కంటే ముందు ఆమెకు చెప్పాలనిపించింది. మిషనామె ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి క్యారేజీ సర్దుతోంది. గాభరమ్మ నిలబడే చెప్పింది. ఎక్కడా ఆగలేదు, ఏడవలేదు.

మిషనామె క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి, బిగించి, మళ్ళీ విప్పింది.

"పోయిన నెల మావాడికి దెబ్బ తగిలితే నీ తమ్ముడే కదూ వ్యాన్లో తెచ్చి దింపింది? నేను దణ్ణం పెట్టాను వాడికి."

"వదినా..."

"కుట్టింది నువ్వా?"

"నేనే."

"నన్ను వదినా అనకు." మిషనామె కళ్ళు దిండు మీద నుంచి కదలలేదు. కాసేపటికి పిచిక వైపు తిరిగింది. "పిల్లని ఇక్కడ ఉంచు. దాన్ని తీసుకుని ఆ ఇంట్లోకి వెళ్ళకు ఇవాళ. నువ్వు పో, చెప్పేదేదో అక్కడ చెప్పు."

స్టేషనులో ఇన్‌స్పెక్టరు ఒక మధ్యవయసు ఆడమనిషి. దిండు బల్ల మీద పెట్టి, మొదటినుంచి చెప్పమంది. మధ్యలో ఒక్కసారే ఆపింది. "కుట్టింది మీరేనని చెబుతున్నారు. అది మీకు మంచిది కాదని తెలుసా?"

"తెలుసమ్మా. కానీ కుట్టింది నేనే."

"మీ అమ్మాయి కూడా చెప్పాల్సి ఉంటుంది. తెలియక మోసిందని నేను నమ్ముతున్నాను. నేను నమ్మితే చాలదు, కోర్టు నమ్మాలి. కాలేజీవాళ్ళు ఏమంటారో నేను చెప్పలేను." ఇన్‌స్పెక్టరు దిండును ఆమె వైపు తోసింది. "అతను సాయంత్రం వస్తానన్నాడు కదా? రానివ్వండి. మామూలుగా ఉండండి. అతను తీసుకెళ్తుండగా పట్టుకోవాలి, అప్పటిదాకా ఇది మీ ఇంట్లోనే ఉండాలి."

మామూలుగా ఉండటమంటే ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి నేల ఊడ్చింది. ఊడ్చిన నేలే మళ్ళీ ఊడ్చింది. పక్కింటి గదిలో ఇన్‌స్పెక్టరు పంపిన ఇద్దరు మనుషులు వచ్చి కూర్చున్నారు. వాళ్ళు దగ్గితే ఆమె చీపురు ఆపి వినేది. వాడు రాకపోతే బావుండును అనుకుంది. వాడు రాకపోతే ఇంకెక్కడికి వెళ్తాడో అనీ అనుకుంది. ఎండ గుమ్మం దిగుతుండగా వ్యాను హారను వినిపించింది.

తమ్ముడి చేతిలో పళ్ళ సంచి ఉంది. "మిషనక్క కొడుకుని చూడ్డానికి వెళ్దామని కొన్నా. దాన్ని దింపేసి వెళ్తా." ఇల్లంతా కలయజూశాడు. "పిచిక ఏదీ?"

"వస్తుంది."

"కుట్టు ఊడలేదుగా? మా బంగారు అక్కవి. ఎందుకే ఇంకా భయం, అయిపోయిందిగా."

ఆమె దిండును రెండు చేతులతో ఎత్తింది. వ్యాను దాకా తనే తీసుకెళ్ళి ఇవ్వడం అలవాటు. ఇవాళ గుమ్మంలోనే ఆగింది.

"ఇదిగో."

"దాని సంచి దగ్గరుంచు. అదే తెచ్చుకుంటుంది."

"నీ దిండు నువ్వే మోసుకెళ్ళరా."

అతను ఒక క్షణం తటపటాయించి, పళ్ళ సంచి కింద పెట్టి, దిండును చంకన పెట్టుకున్నాడు. మెట్లు దిగాడు. వ్యాను వెనక తలుపు తీస్తుండగా పక్కింటి మనుషులిద్దరూ చెరోవైపు నిలబడ్డారు. అతను పరుగెత్తలేదు. దిండును వదలనూ లేదు. దానిని అలాగే పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"తోడబుట్టినదానివి..." అన్నాడు.

"పిల్ల చేతికివ్వమన్నావు కదరా," అంది ఆమె. "నీ చేతికే ఇచ్చాను."

వీధివాళ్ళు కిటికీల్లోంచి చూశారు. వాళ్ళు అతన్ని ఆ వ్యాన్లోనే తీసుకెళ్ళాక కిటికీలు మూసుకున్నాయి.

దీపాలు పెట్టే వేళకు మిషనామె పిల్లను తీసుకొచ్చింది. గుమ్మం దాకా వచ్చి, పిచికను లోపలికి పంపి, గాభరమ్మ నోరు తెరిచేలోపే వెనుదిరిగి వెళ్ళిపోయింది. గాభరమ్మ ఆమె మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చింది.

"నన్ను కూడా అడుగుతారామ్మా?"

"అడుగుతారు. ఇప్పుడే రమ్మన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"సీటు పోతే?"

పోదులే అనాలని ఆమె నోటిదాకా వచ్చింది. "పోవచ్చు" అంది.

పిచిక తల ఊపింది. కుర్చీకి తగిలించిన తెల్ల డ్రెస్సు తీసి ఒంటికి ఆనించుకుని చూసుకుంది.

"ఇది వేసుకుని రానా? నర్సు డ్రెస్సులో ఉంటే కాస్త మర్యాదగా మాట్లాడతారేమో."

గాభరమ్మ దాని చేతిలోంచి డ్రెస్సు తీసుకుని, మడత చెడకుండా మళ్ళీ కుర్చీకే తగిలించింది.

"అందుకే వద్దు," అంది. "మామూలు బట్టలు వేసుకో."